జున్ను సూది మానిన కార్తీకం

మొన్న కాకినాడలో రక్త పరీక్షకు వెళ్లాను. ల్యాబులో అమ్మాయి నా మోచేతి మడత మీద స్పిరిట్ దూదితో రుద్దుతుండగా, కిటికీ అవతలి మెస్సులోంచి చేపలు ఉడుకుతున్న వాసన వచ్చి దానితో కలిసింది. విడివిడిగా అయితే ఆ రెండు వాసనలూ రోజూ తగిలేవే. కలిసి వచ్చేసరికి మాత్రం నేను ఆ కుర్చీలో లేను. పదకొండేళ్ల పిల్లనై, మా పెరటి అరుగు మీద గొంతుక్కూర్చుని, ఒక గాజు గొట్టంలో రంగు ఎలా మారుతుందోనని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. "భయమేస్తోందా అండీ, కళ్లు మూసేసుకున్నారు?" అంది ఆ అమ్మాయి. భయం కాదమ్మా అన్నాను. ఏమిటో చెప్పాలంటే మా మామ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అంత తీరిక ఆ అమ్మాయికి లేదు.

మా ఊరు భీమవరానికి దగ్గర్లో, పంట కాలవని ఆనుకుని ఉండేది. అవి తొంభైల చివరి ఏళ్లు. సగం చేలు అప్పటికే రొయ్యల చెరువులైపోయాయి, మిగతా సగంలో సార్వా, దాళ్వా వరి పంటలు నడుస్తూనే ఉన్నాయి. అందుకని మా ఇంట్లో ఒక గదిలో ధాన్యం బస్తాల దుమ్ము వాసన, వీధి గుమ్మం దగ్గర నాన్న చెరువు నుంచి వచ్చి విడిచిన చొక్కా నీచు వాసన ఉండేవి. కాలవకి నీళ్లు వదిలినప్పుడు ముందు చెత్తా చెదారం, దాని వెనక నురగ, ఆ వెనక గోదావరి ఎర్రనీళ్లు వచ్చేవి. వాటికి ఎదురెళ్లడానికి పిల్లలందరం వంతెన మీద వరసగా నిలబడేవాళ్లం. శ్రావణంలో పూర్ణం బూరెలు, వినాయక చవితికి కుడుములు, దసరాకి పాకం గారెలు, అట్లతద్దికి అట్లూ ఉయ్యాలలూ, నాగుల చవితికి చలిమిడీ చిమ్మిలీ, గేదె ఈనినప్పుడల్లా మిరియాల ఘాటుతో జున్నూ. ఏడాది పొడుగునా బెల్లం తరిగిన కత్తిపీట ఆరేది కాదు. అంత తీపి ఇంట్లో ఇద్దరికి షుగరు వచ్చింది. ఒకరు మా మామ్మ, రెండోది మా పిల్లి.

మామ్మ నాన్నకి అమ్మ. పొడుగ్గా, ఎముకలన్నీ లెక్కపెట్టేలా ఉండేది. పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, పొట్ట మీద తనకి తనే ఇన్సులిన్ సూది పొడుచుకునేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజులు గనక ఫ్రిజ్‌ని నమ్మక, మందు సీసాని తడి ఇసక పోసిన కుండలో దాచేది. ఒక చెక్కపెట్టెలో స్పిరిట్ దీపం, రెండు గాజు గొట్టాలు, చెక్క పట్టకారు, ఒక నీలం మందు సీసా ఉండేవి. గొట్టంలో నీలం మందు పోసి, అందులో మూత్రం కొన్ని చుక్కలు వేసి దీపం మీద కాస్తే, షుగరు లేనివాళ్లకి అది నీలంగానే ఉండిపోతుంది. ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, తర్వాత నారింజ, మరీ ముదిరితే ఇటికరాయి రంగు. సర్కస్ కంటే నాకు అదే వినోదం. మామ్మకి మాత్రం ఎప్పుడూ నీలం వచ్చేది కాదు. "పసుపు దాకా పరవాలేదే అమ్మలూ" అనేసి, అమ్మ అటు తిరగగానే ఒక బూరె నోట్లో వేసుకునేది.

పిల్లి పేరు జున్ను. బెల్లం వేసి వండిన జున్ను రంగులోనే ఉండేది కాబట్టి ఆ పేరు. నాకంటే ఆర్నెల్లు పెద్దది. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడు అది నా కాళ్ల దగ్గర పడుకునేదట. కుర్రతనంలో ఊళ్లో గండుపిల్లులన్నిటితో దెబ్బలాడి ఒక చెవి కొస పోగొట్టుకుంది గాని, పెద్దయ్యాక మామ్మ కంచం పక్కన స్థిరపడిపోయింది. పెరుగన్నం, పాలు, మీగడ, బూరెలో పూర్ణం. పైనున్న పిండి తొడుగు, చోవి మాత్రం వదిలేసేది. పొయ్యి గట్టు మీద వెచ్చగా పడుకుంటే, దాన్ని పక్కకి జరపడానికి అమ్మ రెండు చేతులూ వాడాల్సి వచ్చేది.

ఆ ఏడు వానాకాలంలో జున్ను చిక్కిపోవడం మొదలైంది. తినడం తగ్గలేదు, ఇంకా పెరిగింది. కానీ వెన్నెముక చేతికి తగిలేది. గేదెల కుడితి తొట్టి, తులసి కోట కింద గిన్నె, చివరికి నా చెప్పుల్లో నిలిచిన వాన నీళ్లు కూడా వదలకుండా తాగేది. గెంతడానికి వెనక కాళ్లు సాయం రాక అరుగు ఎక్కలేకపోయేది. "ముసలిదైపోయింది, ఇంకెన్నాళ్లులే" అంది అమ్మ. మామ్మ జున్ను వాడుకునే బూడిద తట్ట దగ్గర వంగి చాలాసేపు చూసింది. తట్ట చుట్టూ చీమలు బారులు కట్టి ఉన్నాయి.

"నాకు మొదట్లో ఇలాగే తెలిసిందే" అంది.

ఆ సాయంత్రం రొయ్యల మేత సంచిని కత్తిరించి తట్టలో పరిచాం. దాని మీద జున్ను పోసినదాన్ని నేను ఇంకు ఫిల్లరుతో తీశాను. మామ్మ దీపం వెలిగించింది. గొట్టంలో నీలం ఒక్క పొంగుకే ఎర్రబడి, ఇటికరాయి రంగు మడ్డి అడుగున పేరుకుంది.

మా ఊరి పశువుల డాక్టరు గారు మంచాయన. భుజం దాకా చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడల్ని బయటికి లాగే మనిషి. మామ్మ కబురు పెడితే స్కూటరు మీద వచ్చి, గొట్టం చూసి, పిల్లిని చూసి, చేతులు కట్టుకున్నారు. "ఉన్నమాట చెప్తానండి. నాకు గేదెలు తెలుసు, కోళ్లు తెలుసు. పిల్లికి షుగరంటే పుస్తకంలో చదవడమే గాని చూళ్లేదు. మా మాస్టారిని అడిగి చెప్తాను." ఎస్టీడీ బూతు నుంచి తన కాలేజీ మాస్టారికి ఫోన్ చేసి, మర్నాడు చీటీ మీద రాసుకుని వచ్చారు. మనుషులు వాడే ఇన్సులినే, రోజూ పొద్దున్న సన్న సిరంజిలో ఒక్క గీత. అన్నం, పాలు, తీపి బంద్. చేపలు, గుడ్లు, మాంసం మాత్రమే.

"మనుషులకే సరిగ్గా జరగట్లేదు, పిల్లికి ఇన్సులినా అమ్మా!" అన్నాడు నాన్న.

"నిన్నేం పొడవమనట్లేదు కదరా. నేను పొడుస్తాను, అమ్మలు పట్టుకుంటుంది."

అలా నేను ఆ పనిలో చేరాను. జున్ను మెడ వెనక వదులు చర్మాన్ని రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి పట్టుకోవడం నా వంతు. మామ్మ సిరంజిని వెలుతురుకి ఎత్తి, బుడగ లేకుండా గోటితో కొట్టి, నేను కళ్లు మూసి తెరిచేలోగా పొడిచేసేది. తర్వాత పరీక్ష. నా పాత డ్రాయింగ్ పుస్తకంలో గళ్లు గీసి, ఆ రోజు గొట్టంలో వచ్చిన రంగుని క్రేయాన్సుతో ఆ రోజు గడిలో నింపేదాన్ని. ఇటికరాయి రంగు నా పెట్టెలో లేదు. ఎరుపు మీద గోధుమరంగు రుద్ది తయారుచేసుకునేదాన్ని. భాద్రపదమంతా అదే రంగు. నాన్న చెరువులో చిన్న చేపల్ని ఉప్పు లేకుండా ఉడకబెట్టి, ముళ్లు తీసి జున్నుకి పెట్టేవాళ్లం. మొదట్లో అది కంచం వైపు చూసి, మా వైపు చూసి, పెరుగు గిన్నె దగ్గరికెళ్లి కూర్చునేది. పది రోజులకి లొంగింది.

దసరా సెలవుల్లో జున్నుకి మొదటిసారి ఫిట్సు వచ్చింది. చుట్టాలతో ఇల్లు కిటకిటలాడుతోంది. ఆ హడావుడికి జడిసి జున్ను ధాన్యం గదిలో దాక్కుంటే, మామ్మ అక్కడే సూది వేసేసి వచ్చింది. అది తిన్నదో లేదో ఎవరూ చూడలేదు. పదింటి వేళ వసారాలోకి తూలుతూ వచ్చి, తాగినవాడిలా గోడకి గుద్దుకుని, ఒక పక్కకి పడిపోయింది. నాలుగు కాళ్లూ కొట్టుకుంటున్నాయి. దవడ బిగిసి నోట్లోంచి నురగ, కళ్లు నల్లగా గాజు గోళీల్లా తెరుచుకుని ఎవర్నీ చూడట్లేదు. పిల్లలం కెవ్వుమన్నాం. పక్కింటి వెంకాయమ్మ గారు పరుగెత్తుకొచ్చి, "అమ్మో, పిచ్చి పట్టింది! పిల్లల్ని లోపలికి తీసుకెళ్లండి!" అని కేకలు వేస్తూనే, తన మొలలో ఉన్న తాళాల గుత్తి తీసి దాని కాళ్ల దగ్గర పడేసింది.

మామ్మ ఆ గుత్తిని కాలితో పక్కకి నెట్టి, నేల మీద చతికిలబడి, పంచదార నీళ్లలో వేలు ముంచి జున్ను పెదవి పైకెత్తి చిగుళ్ల మీద రాసింది. మళ్లీ ముంచింది, మళ్లీ రాసింది. "పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. నోట్లో పొయ్యకూడదు, పొలమారి చస్తుంది. ఇలా రాయాలి" అని నాకు చెబుతూనే ఉంది. కాసేపటికి కాళ్లు కొట్టుకోవడం ఆగింది. జున్ను తల ఎత్తి, మేమెవరమో తెలియనట్టు చూసి, లేచి, దారి తప్పినదానిలా గది నాలుగు మూలలూ తిరిగింది. అరగంటకి కంచెడు చేపలు తింది.

"పిచ్చీ కాదు, గాలీ కాదు. షుగరు పడిపోయింది. నాకూ పడిపోతుంది కదా, ఒళ్లంతా చెమటలు పోసి వణుకు" అంది మామ్మ, చీర కొంగున ముడేసుకున్న పటికబెల్లం ముక్క అందరికీ చూపించి. డాక్టరు గారు కూడా అదే చెప్పారు: తిన్నాక సూది, సూది వేశాక తిండి కాదు. ఆ రోజు నుంచి జున్ను కంచం ఖాళీ అయ్యేదాకా మామ్మ సిరంజి ముట్టుకోలేదు.

దాంతో అంతా చక్కబడిందనుకున్నాం. నిజంగానే చక్కబడుతోంది కూడా. నా పుస్తకంలో రంగులు నెమ్మదిగా మారసాగాయి. అట్లతద్ది వేళకి, చింత కొమ్మకి కట్టిన ఉయ్యాల ఊగి వచ్చి నేను నింపిన గడి నారింజ. తర్వాత నాలుగు రోజులు పసుపు. జున్ను అరుగు ఎక్కింది. దీపావళికి రెండు రోజుల ముందు ఆకుపచ్చ వచ్చింది.

కానీ దీపావళి మర్నాడు, కడుపు నిండా తిన్న తర్వాత కూడా ఫిట్సు వచ్చింది. టపాకాయలకి జడుసుకుందన్నాం. ఒక రోజు ఆగి మళ్లీ వచ్చింది. ఆ పూట టపాకాయలు లేవు. అప్పటికి కార్తీకమాసం వచ్చేసింది. ఊళ్లో ఎవరింట్లోనూ నీచు వండరు. మామ్మ మాత్రం పెరట్లో మూడు ఇటుకలు పెట్టి జున్నుకి చేపలు ఉడకబెట్టి, మళ్లీ తలస్నానం చేసి మడి కట్టుకుని దీపం పెట్టుకునేది. వెంకాయమ్మ గారు గోడ మీంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. "కార్తీకంలో చేపలా వదినా! పిల్లి అలా కొట్టుకుంటోందంటే కొట్టుకోదూ మరి?"

"దానికి కార్తీకం లేదు వదినా, షుగరుంది. శివుడికి నేను చెప్పుకుంటాలే" అంది మామ్మ.

వెంకాయమ్మ గారి నోరు మూయించింది గాని, నాన్నని ఆపలేకపోయింది. మా తమ్ముడికి అప్పుడు మూడేళ్లు. జున్ను కనిపిస్తే మీద పడి వాటేసుకునేవాడు. "ఇంకొక్కసారి వచ్చిందంటే గోతంలో పెట్టి భీమవరం చేపల మార్కెట్లో వదిలేస్తానమ్మా. ఆ తలకాయలూ తోకలూ తిని బతుకుతుంది. పసివాణ్ణి కరిస్తే ఎవరిది పూచీ?" అన్నాడు. నాన్న కోపిష్టి కాదు. అలాంటి మనిషి గొంతు పెంచకుండా చెప్పిన మాట జరిగి తీరుతుందని నాకు తెలుసు. మామ్మకీ తెలుసు. ఆ పూట ఆమె అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

నాగుల చవితి వచ్చింది. అమ్మ, మామ్మ, తమ్ముడు, వీధిలో ఆడవాళ్లంతా పుట్టలో పాలు పొయ్యడానికి వెళ్లారు. కడుపునొప్పని అబద్ధమాడి నేను ఉండిపోయాను. ఫిట్సు వచ్చినప్పుడల్లా, పొద్దున సూది వేశాక పదింటికే వస్తోందని నాకు మాత్రం ఎక్కడో పట్టుకుంది. నాన్న చెరువు దగ్గరున్నాడు. నేను జున్నుని ఎదురుగా పెట్టుకుని, గచ్చకాయలు చేతిలో పట్టుకుని, ఆడకుండా కూర్చున్నాను.

ముందు దాని చెవి అదిరింది. తర్వాత మీసాలు. లేచి నిలబడబోయి కూలిపోయింది. వంటింట్లోకి పరుగెత్తితే, చలిమిడి కోసం అమ్మ కరిగించిన బెల్లం నీళ్లు గిన్నెలో మిగిలి ఉన్నాయి. తల గచ్చుకి కొట్టుకోకుండా కింద నా పరికిణీ మడిచి పెట్టి, పెదవి ఎత్తి చిగుళ్ల మీద రాశాను. ఆగలేదు. మళ్లీ రాశాను. "జున్నూ, నాన్న వచ్చేస్తాడు, లెయ్యవే" అని ఏడుస్తూ రాశాను. ఎంతసేపో తెలియదు. కాళ్ల విసురు తగ్గింది. ఊపిరి నిదానమైంది. గరుకు నాలిక ఒకటి నా వేలి మీది బెల్లాన్ని నాకింది.

దాని కింద గచ్చు తడిసి ఉంది. అలవాటుగా ఫిల్లరు తెచ్చి పట్టేశాను. ఆ రోజు గడి నింపాలి కదా. పుస్తకం తెరిచి, ముందు పేజీ నుంచి వరసగా చూశాను. ఇటికరాయి, ఇటికరాయి, నారింజ, పసుపు, ఆకుపచ్చ. దీపావళి తర్వాత ఫిట్సు వచ్చిన రెండు రోజుల పక్కనా నేను చిన్న నక్షత్రం గుర్తు పెట్టాను. ఆ రెండు గళ్లూ నీలం. నింపింది నేనే, సంబరంగా నింపింది నేనే. నక్షత్రాన్నీ నీలాన్నీ కలిపి చూడలేదంతే.

మోటారుసైకిల్ ఆగింది. నాన్న లోపలికొచ్చి, తడి గచ్చునీ, బెల్లం అంటుకున్న పిల్లినీ, నన్నూ చూశాడు. దాచడానికి ఏమీ లేదు. పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నాన్నా, షుగరు లేని రోజే ఫిట్సు వస్తోంది."

నాన్న నిలబడే పేజీలు తిప్పాడు. రొయ్యల చెరువు చేసేవాడు, రోజూ నీళ్ల రంగు చూసి చెరువు బాగోగులు చెప్పేవాడు. రంగులు చదవడం ఆయనకి ఒకరు నేర్పక్కర్లేదు. మామ్మ చేతిలో పాల చెంబుతో గుమ్మంలోకి వచ్చేసరికి, "అమ్మా, దీపం వెలిగించు" అన్నాడు.

ఫిల్లర్లో ఉన్న చుక్కలు వేసి కాచాం. పొంగు వచ్చింది. మళ్లీ కాచాం. గొట్టం ఆకాశం ముక్కలా నీలంగా ఉంది. మామ్మ దాన్ని పట్టుకుని కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా, "దీనికి షుగరు తగ్గిపోయిందిరా! తగ్గిపోయినదానికి నేను రోజూ మందు పొడిచి పొడిచి పడదోస్తున్నాను. నా చేతులు పడిపోనూ!" అంది.

డాక్టరు గారు వెంటనే నమ్మలేదు. పుస్తకాన్ని రెండుసార్లు తిరగేసి, "సూది ఆపి చూద్దామండి. రోజూ పరీక్ష చెయ్యండి, రంగు మారితే కబురంపండి" అన్నారు. నాన్న గోతం మాట ఎత్తలేదు. పైగా రోజూ చెరువు నుంచి వస్తూ, "ఏం రంగు?" అని గుమ్మంలోంచే అడగడం మొదలుపెట్టాడు.

నీలం. మర్నాడూ నీలం. కార్తీక సోమవారం నీలం. పౌర్ణమి సాయంత్రం కాలవలో అరటి దొప్పల మీద దీపాలు వదిలినప్పుడు, మామ్మ ఒక దీపం ఎక్కువ వదిలింది. ఎవరికని ఎవరూ అడగలేదు. పద్నాలుగో గడి నింపేసరికి నా నీలం క్రేయాన్ అరిగి, కాగితం చుట్ట మాత్రం మిగిలింది. ఒక్క నక్షత్రం లేదు. డాక్టరు గారు స్వయంగా వచ్చి, దీపం మీద గొట్టం తనే కాచి చూసి, "మా మాస్టారు అన్నారండి, తిండి మారిస్తే కొన్ని పిల్లులకి ఇలా మళ్లుతుందని. ఆయన మాట నేను నమ్మలేదు. మీరు చేసి చూపించారు" అని మామ్మకి నమస్కారం పెట్టారు. తర్వాత నాకూ పెట్టారు. నాకు అప్పటిదాకా ఎవరూ నమస్కారం పెట్టలేదు.

మామ్మ ఆ గొట్టం పట్టుకుని చీర కుచ్చిళ్లు ఎగదోపి వీధిలోకి నడిచింది. వెనక నేను, నా వెనక తమ్ముడు, వాడి చంకలో కాళ్లు వేలాడుతూ జున్ను. "చూడు వదినా!" అని వెంకాయమ్మ గారి ముఖం ముందు పెట్టింది. ఆమె కళ్లు చికిలించి చూసి, "ఏంటిది, శంఖుపూలు నానబెట్టావా?" అంది. సంగతి చెప్పాక ముక్కున వేలేసుకుంది. కార్తీకం వెళ్లగానే చేసిన మొదటి పులుసులోంచి ఒక చేప ముక్క కడిగి తెచ్చి స్వయంగా జున్ను ముందు పెట్టిన ఘనత కూడా ఆవిడదే.

సార్వా ధాన్యం బస్తాలు ఇంటికొచ్చిన వారంలో జున్ను, పన్నెండో ఏట, పందికొక్కు పిల్లని పట్టి మామ్మ మంచం దగ్గర పెట్టింది. మామ్మకి అదొక చెంపపెట్టు అయింది. "పిల్లికున్న బుద్ధి నాకు లేకపోతే ఎలాగే?" అని, పై ఏడు శ్రావణంలో బూరెల బేసిను ముందు నుంచి లేచిపోయింది. ఆమె గొట్టంలో నీలం ఎన్నడూ రాలేదు గాని, ఆకుపచ్చ దాటి పోనివ్వలేదు. జున్ను ఇంకో ఐదేళ్లు బతికింది. తీపి వాసన తగిలితే ముఖం తిప్పుకునేది. మళ్లీ ఒక్క ఫిట్సు రాలేదు. ఒక వేసవి పొద్దున పొయ్యి గట్టు మీద, నిద్రలోనే, ముసలితనంతో పోయింది.

ఇప్పుడు ఆ పొయ్యి లేదు, గట్టూ లేదు. గ్యాసు స్టవ్వు పక్కన పిల్లి పడుకోదు. మా చేలు కూడా చెరువులైపోయాయి కాబట్టి ధాన్యం గదిలో మేత సంచులున్నాయి. కార్తీకంలో ఎవరింట్లో ఏం ఉడుకుతోందో గోడ మీంచి తొంగిచూసే వెంకాయమ్మ గారూ లేరు, ఆ గోడా లేదు. నీలం మందు సీసా కావాలని అడిగితే మందుల షాపు కుర్రాళ్లకి అర్థం కాదు. వేలు గుచ్చితే అంకె కనపడే మిషన్ వచ్చాక రంగులతో పనేముంది. మామ్మ వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. నాన్నకి ఇన్సులిన్ పడింది, బాబాయికి పడింది, మొన్నటి పరీక్షలో నాకూ అంకె హద్దు దాటింది. మా ఇంట్లో షుగరుకి సూది పట్టినవాళ్లు ఇందరున్నారు. పట్టిన సూదిని వదిలించుకున్నది మాత్రం, ఇప్పటికీ, జున్ను ఒక్కటే.